అప్పు చేసి కెమెరా కొనొద్దబ్బా, ముందు చెరువుకట్ట ఎక్కు

పోయిన నెల మా చిన్నాయన కొడుకు ఇంటికొచ్చినాడు. చేతిలో ఫోను, ఫోన్లో ఒక కెమెరా బొమ్మ. "అన్నా, నెలకు నాలుగు వేలు కడితే సాలంట. ముందు ఒక్క రూపాయి ఇచ్చే పని లేదంట. పిట్టల ఫోటోలు తీస్తా, ఇన్‌స్టాలో పెడతా" అన్నాడు. ఫోను పక్కకు జరిపి వాడు తీసిన ఫోటో ఒకటి చూపించినాడు. మా ఊరి చెరువులో తుమ్మకొమ్మ మీద లకుముకి పిట్ట. పిట్ట అని వాడు చెప్తేనే తెలిసె. నీలం చుక్క మాదిరి ఉండాది.

నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే 2018లో నేనూ ఇట్లే ఒక బొమ్మ చూపించుకుంటా తిరిగినోడినే. ఒక అంగట్లో కొత్త కెమెరా ఈఎంఐ మీద కొంటిని. దాంతో పాటు ఇచ్చిన లెన్సు 18-55. "దీంతో అన్నీ తియ్యొచ్చు" అని చెప్పినారు. సంతోషంగా హార్స్‌లీ కొండ ఎక్కితిని. సందకాడ దాకా తిరిగి ఇంటికొచ్చి చూసుకుంటే కొండలు బాగొచ్చినాయి, బండలు బాగొచ్చినాయి, మేఘాలు బాగొచ్చినాయి. పిట్టలు మాత్రం జొన్నగింజంత. ఆ ఏడు టమోటా రేటు పడిపోయింది. రెండు కంతులు మా యమ్మ పాలబిల్లులో నుంచి కట్టింది. కెమెరా బీరువాలో పడుకునింది, కంతు మాత్రం ప్రతి నెలా ఐదో తేదీ లేచి కూచునేది.

అందుకే మా తమ్మునికి చెప్పిందే మీకూ చెప్తా ఉండా. కురబలకోట, మదనపల్లె, పుంగనూరు, కుప్పం పక్క ఊర్లలో పిట్టల మీద, జంతువుల మీద ఆశ ఉండే పిల్లోళ్లు శానామంది ఉండారు. ఆశ తప్పు కాదు. ఆ ఆశను కంతులకు తాకట్టు పెట్టడమే తప్పు.

దూరం లెక్క ముందు తెలుసుకో

అంగట్లో మనకు చెప్పేది మెగాపిక్సెళ్ల లెక్క. పిట్టల ఫోటోలకు ముందు చూడాల్సింది అది కాదు. లెన్సు మీద రాసుండే ఎం.ఎం. నంబరు. ఆ నంబరు పెరిగేకొద్దీ దూరంగా ఉండేది దగ్గరికి వస్తాది.

లెక్కేసి చూపిస్తా. మన చెరువుల కాడ కనపడే తెల్లగొంతు లకుముకి ముక్కు నుంచి తోక దాకా 28 సెంటీమీటర్లు ఉంటాది. అది మనకు 20 మీటర్ల దూరంలో కూచోనుండాది అనుకో. అంతకంటే దగ్గరికి పోతే మామూలుగా ఎగిరిపోతాది. మామూలు డీఎస్ఎల్ఆర్‌కు 55 ఎం.ఎం. లెన్సు పెట్టి తీస్తే, ఫోటో వెడల్పులో పిట్ట ముప్పయ్యో వంతు వస్తాది. అదే 300 ఎం.ఎం. అయితే ఆరో వంతు దగ్గర. 600 అయితే మూడో వంతు దాటతాది. కెమెరా అదే, మనిషి అదే, పిట్ట అదే. మారింది లెన్సు ఒక్కటే.

ఇంకొక మాట కూడా వినపడతాది, క్రాప్ అని. మనం కొనగలిగే డీఎస్ఎల్ఆర్‌లలో సెన్సర్ పాతకాలం ఫిల్ము కంటే చిన్నది. దానివల్ల నికాన్‌లో ఒకటిన్నర ఇంతలు, కేనన్‌లో 1.6 ఇంతలు దగ్గరికి వచ్చినట్ల కనపడతాది. అంటే 300 లెన్సు నికాన్ మీద 450 మాదిరి, 250 లెన్సు కేనన్ మీద 400 మాదిరి పని చేస్తాది. పిట్టలు తీసేవాళ్లకు ఇది లాభమే. కాబట్టి "పెద్ద సెన్సర్ కెమెరా ఉంటేనే వైల్డ్‌లైఫ్" అనే మాట నమ్మి లక్షల లెక్కలో పడొద్దు.

నేను చెప్పే సూత్రం ఒక్కటే: ఉండే దుడ్లలో ఎచ్చు భాగం లెన్సుకు పెట్టు, తక్కువ భాగం బాడీకి పెట్టు. అంగడివాళ్లు మనతో చేయించేది దీనికి తిరగేసి.

చేతిలో ఎంత ఉంటే ఏం చెయ్యాల

ఏమీ లేకపోతే: కెమెరా కొనే పనే లేదు. ఉండే ఫోను సాలు. పిట్ట రాదు గానీ సీతాకోకచిలకలు, తూనీగలు, సాలెపురుగులు, తొండలు, కప్పలు, ఇవన్నీ ఫోనుకు చిక్కుతాయి. వీటికి దగ్గరికి పోవడమే ముఖ్యం, జూమ్ కాదు. ఒక ఆర్నెల్లు గెనాల మీద, వంకల్లో ఫోనుతో తీస్తే వెలుతురు ఎట్ల పడతాదో, ఎనక ఏముంటే బొమ్మ చెడిపోతాదో నేర్చుకుంటావు. అది ఏ అంగట్లో దొరికేది కాదు. మూడు, నాలుగు వేలు మిగిలితే ముందు ఒక బైనాక్యులర్ కొనుక్కో. దాని మీద 8×42 అనో, 10×50 అనో రాసుంటాది. ముందు అంకె ఎన్నింతలు దగ్గరికి తెస్తాదో చెప్తాది, రెండోది ముందుండే అద్దం ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పో. పిట్టను చూడ్డం రానోడికి పిట్టను తియ్యడం రాదు.

పాతిక, ముప్పై వేలు ఉంటే: రెండు దోవలు ఉండాయి.

మొదటిది, లెన్సు విప్పే పని లేని పెద్ద జూమ్ కెమెరా. దీన్నే బ్రిడ్జ్ కెమెరా అంటారు. 2015లో వచ్చిన నికాన్ పీ900 దీంట్లో పేరు పడింది. 83 ఇంతలు జూమ్, అంటే 2000 ఎం.ఎం. మాదిరి. ఇందాక చెప్పిన లకుముకి ఇరవై మీటర్ల నుంచి ఐదింట నాలుగు వంతులు ఫోటో నిండతాది. చందమామ మీద గుంతలు కూడా వస్తాయి. బరువు కిలో లోపలే. దాని తర్వాత పీ950, 125 ఇంతలు జూమ్ ఉండే పీ1000, కేనన్‌లో 65 ఇంతలు ఉండే ఎస్‌ఎక్స్70 వచ్చినాయి. పాతవి కొంటే మన చేతికి అందేది ఎక్కువగా పీ900 మాదిరివే.

దీని లోపం కూడా చెప్పాల. దీంట్లో సెన్సర్ చిటికెన వేలి గోరంత. డీఎస్ఎల్ఆర్ సెన్సర్ దాని కంటే పది ఇంతలకు పైనే పెద్దది. చిన్న సెన్సర్‌కు వెలుతురు తక్కువ చిక్కుతాది. ఎండలో కొమ్మ మీద కూచున్న పిట్ట బెమ్మాండంగా వస్తాది. మబ్బులోనే లేచి పోయి తీస్తే బొమ్మంతా ఇసక చల్లినట్ల ఉంటాది. ఎగిరే పిట్టను పట్టేదానికీ కష్టం, అంత జూమ్‌లో పిట్ట యాడుందో వెతుక్కునేలోపల అది చెరువు దాటిపోతాది.

రెండో దోవ, పాత డీఎస్ఎల్ఆర్ బాడీ, దానికి ఒక 250 గానీ 300 గానీ లెన్సు. కేనన్ అయితే 1500డీ మాదిరి బాడీ, దానికి 55-250 ఎస్‌టీఎం లెన్సు. నికాన్ అయితే డీ5300, డీ5600 మాదిరి బాడీ, దానికి ఏఎఫ్-పీ 70-300 వీఆర్ లెన్సు. నేను 2021లో ఆ మొదటి కెమెరా అమ్మేసి, ఇంకొక రవ్వంత లెక్క వేసి, పాత డీ5300, 70-300 లెన్సు రెండూ కలిపి 27 వేలకు తీసుకుంటిని. అప్పు లేదు, కంతు లేదు. జూమ్ కెమెరా అంత దూరం పోదు గానీ, తెల్లారగట్ల వెలుతురులో, ఎగిరే పిట్టల కాడ ఇదే మేలు.

నికాన్ తీసుకునేటప్పుడు ఒక జాగ్రత్త. ఏఎఫ్-పీ లెన్సులు శానా పాత బాడీల మీద ఫోకస్ చెయ్యవు. డీ3000, డీ5000 వరస బాడీల్లో లోపల మోటారు ఉండదు, కాబట్టి పాతకాలం ఏఎఫ్-డీ లెన్సులు వాటి మీద సొంతంగా ఫోకస్ కావు. బాడీ, లెన్సు రెండూ కలిపి పని చేస్తాయా అని అడగకుండా దుడ్లు ఇయ్యొద్దు.

ఏ దోవ మేలని మా తమ్ముడు అడిగినాడు. నువ్వు తీసేది యాడ, ఎప్పుడు అని నేను అడిగితిని. పగలంతా సేద్యం పని, మధ్యలో చెరువు కాడ దూరం పిట్టలు తీసి గుర్తు పట్టాల అనుకునేవాడికి జూమ్ కెమెరా. పొద్దున్నే లేచి, ఓపికగా కూచుని, రేపు పెద్ద లెన్సు దాకా పోవాల అనుకునేవాడికి డీఎస్ఎల్ఆర్.

అరవై, డెబ్బై వేలు నిజంగా చేతిలో ఉంటే: అదే పాత బాడీకి పాత 150-600 లెన్సు. టామ్రాన్‌లో ఉండాది, సిగ్మాలో ఉండాది. నికాన్ వాళ్ల 200-500 కూడా మంచిదే. ఒక్కొక్కటి రెండు కిలోలకు అటూ ఇటూ బరువు, మోసేది మనమే అని గుర్తు పెట్టుకో. మొదటి కెమెరాకే ఇంత దూరం పోనక్కర్లేదు.

కొత్తగా వస్తా ఉండే మిర్రర్‌లెస్ కెమెరాల సంగతి కూడా అడగతారు. కేనన్ ఆర్50 మాదిరివి పిట్టను, దాని కన్నును సొంతంగానే వెతికి ఫోకస్ పట్టుకుంటాయి. నిజంగా మంచి సౌకర్యమే. అయితే వాటికి తగిన పొడుగు లెన్సులు ఇంకా మన చేతికి అందే రేటుకు రాలేదు. ఉండేవాళ్లు మిర్రర్‌లెస్‌కు మారిపోతా వాళ్ల డీఎస్ఎల్ఆర్‌లు అమ్ముకుంటా ఉండారు. అది మనకు లాభం. ఒకరికి పాతదైపోయింది ఇంకొకరికి చెడిపోయింది కాదు కదా.

పాతది కొనేటప్పుడు చూడాల్సినవి

సంతలో ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూడకుండా మా తాత పగ్గం పట్టుకోలేదు. కెమెరాకూ పళ్లు ఉండాయి.

ఒకటి, షట్టర్ కౌంట్. అంటే ఇప్పటిదాకా ఎన్నిసార్లు క్లిక్ కొట్టినారు అని. డీ5300 మాదిరి కెమెరాకు లక్ష క్లిక్కుల దాకా ఆయుస్సు అని లెక్క. ముప్పై, నలభై వేలు కొట్టినది అయితే భయం లేదు. తొంభై వేలు దాటితే రేటు బాగా తగ్గించాల.

రెండు, లెన్సులో బూజు. లెన్సు విప్పి, ఒక పక్క నుంచి ఫోను లైటు వేసి ఇంకొక పక్క నుంచి చూడు. సాలెగూడు మాదిరి దారాలు కనపడితే మారు మాట లేకుండా తిరిగిచ్చెయ్. రవ్వంత దుమ్ము ఉంటే పర్వాలేదు.

మూడు, ఫోకస్. దగ్గరుండే గోడ మీద, దూరం ఉండే స్తంభం మీద మార్చి మార్చి ఫోకస్ చెయ్. గుర్రుమంటా ఆగకుండా తిరగతా ఉంటే మోటారు పోతా ఉండాదని అర్థం.

నాలుగు, సెన్సర్. ఎఫ్ నంబరు 16 పెట్టి ఆకాశాన్ని ఒక ఫోటో తీసి పెద్దది చేసి చూడు. నల్ల మచ్చలు ఉంటే దుమ్ము, అది తుడిపించుకోవచ్చు. గీతలు ఉంటే వద్దు.

ఐదు, బిల్లు. బిల్లు మీద ఉండే నంబరు, కెమెరా అడుగున ఉండే నంబరు ఒకటేనా చూడు. కాకపోతే అది దొంగ సొమ్ము కావచ్చు. ముఖం చూడనోడికి ఫోనులో అడ్వాన్సు పంపించొద్దు. మదనపల్లెలో గానీ బెంగళూరులో గానీ మనిషిని కలిసి, చేత్తో పట్టి చూసి కొను. ఒక రోజు పని పోయినా పర్వాలేదు, పాతిక వేలు పోతే పర్వా ఉంటాది.

ఇంటికి తెచ్చినాక వానాకాలం బూజు పట్టకుండా, గాలి దూరని మూత డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టు. బియ్యం డబ్బాలో పెట్టొద్దు, ఆ నూక దుమ్ము లెన్సులోకి పోతాది.

తీసేటప్పుడు

పిట్టలకు షట్టర్ స్పీడు ప్రాణం. 300 లెన్సు చేత్తో పట్టుకుని తీస్తే 1/500 సెకండుకు తక్కువ పెట్టొద్దు. ఎగిరే పిట్టకు 1/1600 పైన పెట్టు. ఐఎస్ఓ ఆటోలో వదిలి, పైహద్దు 3200 పెట్టుకో. ఫోకస్ నడిమి చుక్క ఒక్కటే పెట్టుకుని పిట్ట కన్ను మీద పట్టు. సూర్యుడు నీ వీపు పక్క ఉండాల. కట్ట మీద నిలబడి పైనుంచి కిందికి తియ్యొద్దు, దిగి నీళ్ల అంచుకు కూచుని పిట్ట కంటికి సమానంగా తియ్. ఈ కడపటి మాట ఒక్కటే నా ఫోటోల్ని మార్చింది, దానికి నాకు ఒక్క రూపాయి కూడా పడలేదు.

మన ఊరే మన అడివి

కెమెరా కంటే పెద్ద ఆస్తి మనకు ఇంకొకటి ఉండాది. బెంగళూరు నుంచి లక్షల లెన్సులు వేసుకుని జనం ఈ పక్కకు వస్తా ఉండారు. ఏమిటికి? హార్స్‌లీ కొండ మీద, మన చుట్టూరా ఉండే గుండ్ల గుట్టల్లో పసుపు గొంతు పికిలిపిట్ట ఉండాది. దక్షిణ భారతం కొండల్లో తప్ప ఈ ప్రపంచంలో ఇంకెక్కడా లేని పిట్ట అది. బండలు, ముళ్లపొదలు ఉండే చోటే బతకతాది. ముప్పు ఉండే జాతుల పట్టీలో దాని పేరు ఉండాది. ఆ బండలే పగలగొట్టుకుంటా పోతే అది యాడికి పోవాల? మన కురబలకోట మండలంలోనే ఉండే రిషివ్యాలీ లోయను 1991లో పక్షుల రక్షిత ప్రాంతం చేసినారు. పక్షుల గురించి ఇంట్లో కూచుని చదువుకునే కోర్సు కూడా ఆడినుంచే నడిపినారు.

వాళ్లు రెండు రోజులు వచ్చి పోతారు. మనం మూడు వందల అరవై ఐదు రోజులు ఈడే ఉండాం. యా చింతచెట్టులో గుడ్లగూబ కూచుంటాదో, చెరువుకు నీళ్లు వచ్చిన ఎన్ని రోజులకు బుడుబుంగలు గుడ్లు పెడతాయో గొర్రెలు కాసే పిల్లోనికి తెలుసు. ఆ తెలివికి రేటు లేదు.

నమ్మకపోతే మన పక్కనుండే కడప జిల్లా కథ వినండి. కలివికోడి 1848లో శాస్త్రానికి తెలిసిన పిట్ట. 1900 తర్వాత ఎవరికీ కనపళ్లేదు, అంతరించిపోయింది అని రాసేసినారు. 1986 జనవరిలో లంకమల అడివి పక్క రెడ్డిపల్లె కాడ మళ్లా దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరపున భరత్ భూషణ్ అనే ఆయప్ప వెతకతా ఉండె. రాత్రిపూట దీపం వెలుగులో ఆ పిట్టను పట్టిచ్చింది ఆడ ఊరి మనిషి ఐతన్న. పెద్ద కెమెరా కాదు, పెద్ద చదువు కాదు, ఆ ముళ్లపొదల్లో రాత్రిపూట ఏది నడుస్తాదో తెలిసిన మనిషి.

కాబట్టి నువ్వు పాత కెమెరాతో తీసినా, తేదీ, ఊరు రాసి పెట్టిన ఫోటో ఒక సాక్ష్యం. ఈబర్డ్ మాదిరి యాప్‌లో ఎక్కించినావంటే, రేపు మీ గుట్ట మీద క్వారీకి అడిగినా, చెరువు పూడ్చాల అన్నా, "ఈడ ఈ పిట్ట ఉండాది, ఇదో ఫోటో" అని చూపించుకోవచ్చు. ఇన్‌స్టాలో వచ్చే లైకుల కంటే అది గట్టిది. ప్రతి ఫిబ్రవరిలో దేశమంతా నాలుగు రోజులు పిట్టల లెక్క జరగతాది, ఊరి చెరువు నుంచే దాంట్లో చేరొచ్చు.

లెన్సు చిన్నదైతే దగ్గరికి వచ్చే పిట్టలను వెతుక్కో. హిందూపురం పక్క చిలమత్తూరు మండలం వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఊర్లో చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. ఊరోళ్లు వాటిని ఇంటి ఆడబిడ్డల మాదిరి చూసుకుంటారు. 250 లెన్సు ఆడ సాలు.

తియ్యకూడని ఫోటోలు

ఈ మాట చెప్పకుండా ముగించలేను. పలమనేరు, కుప్పం పక్క కౌండిన్య అడివిలో ఏనుగులు ఉండాయి. అవి పంటల్లోకి వచ్చినప్పుడు ఫోన్లు పట్టుకుని ఎనకాల పరిగెత్తే పిల్లోళ్లను చూస్తే నాకు వణుకు వస్తాది. ఏనుగు మనిషి కంటే వేగంగా పరిగెత్తతాది. పంట పోయిన రైతుకు నష్టపరిహారం రావొచ్చు, పోయిన కొడుకు రాడు. 2025లో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులను తెచ్చుకున్నది ఆ పని తెలిసినోళ్లు చెయ్యాలనే. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా పోవడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఫోటోలు తియ్యాలంటే అటవీశాఖను అడిగి అనుమతి తీసుకోండి.

గూటి కాడికి పోయి కొమ్మలు విరిచి ఫోటో తియ్యొద్దు. నువ్వు తెరిచిన సందులో నుంచే కాకి దూరతాది. ఫోనులో పిట్ట కూత వేసి పిలిపించొద్దు, పిల్లల్ని వదిలేసి అది తగువుకు వస్తాది. గుడ్లగూబ, అరుదైన పిట్టల గూడు ఉండే తావు ఊరు పేరుతో సహా బయట పెట్టొద్దు.

మా తమ్ముడు ఈఎంఐ మాట వదిలేసినాడు. ఇద్దరం బెంగళూరు పోయి రెండు కెమెరాలు చూస్తిమి. మొదటిదాంట్లో లెన్సు నిండా బూజు. అమ్మేటాయప్ప "ఫోటోలో కనపడదు బ్రదర్" అన్నాడు, మేము లేచి వచ్చేస్తిమి. రెండోది బాగుండాది గానీ వాని దగ్గర ఇంకా ఆరు వేలు తక్కువ. ఈ టమోటా కోత అయినాక తీసుకుంటానన్నాడు. అంతవరకు నా బైనాక్యులర్ వాని దగ్గరే ఉండాది. నిన్న ఫోన్ చేసి "అన్నా, మన చెరువులో ఇరవై మూడు రకాలు లెక్క పెట్టినా" అన్నాడు. కెమెరా లేకుండానే వాడు సగం దూరం పోయినాడు.

మీరు కూడా ఈ ఆదివారం మబ్బులోనే లేచి మీ చెరువుకట్ట ఎక్కండి. ఒక నోటు పుస్తకం తీసుకుపోండి. కనపడిన పిట్టల పేర్లు, మీ యవ్వ పిలిచే పేర్లతోనే రాసి పెట్టండి. పది ఆదివారాలు అట్ల పోయినాక కూడా కెమెరా కావాల అనిపిస్తే, అప్పుడు కొనండి. చేతిలో ఉండే లెక్కతోనే.